కూరగాయ పంటలలో బాక్టీరియా తెగుళ్ళు: నాటడానికి ముందే మొదలు కావలసిన నివారణ

కూరగాయ పంటలను ఆశించే తెగుళ్ళలో అధిక భాగం శిలీంద్రాల వలన వచ్చేవే. అందువలన మొక్క వడలినా, ఆకుపై మచ్చ కనిపించినా వెంటనే శిలీంద్రనాశని తెచ్చి పిచికారి చేయడం రైతులలో అలవాటుగా స్థిరపడింది. తెగులుకు కారణం బాక్టీరియా అయినప్పుడు ఈ అలవాటు రెండు విధాల నష్టం కలిగిస్తుంది. మందుకు పెట్టిన ఖర్చు వృథా అవుతుంది. మందు పని చేస్తుందేమోనని వేచి చూసిన వారం పది రోజులలో తెగులు పొలమంతా పరచుకుంటుంది. శిలీంద్ర తెగుళ్ళలో అనేకం తొలి దశలో మందుకు లొంగుతాయి. బాక్టీరియా తెగుళ్ళలో లక్షణాలు బయటపడిన మొక్కను తిరిగి ఆరోగ్యవంతం చేయగల మందు రైతు చేతిలో లేదు. ఈ తేడాను గ్రహించడమే వీటి యాజమాన్యంలో మొదటి మెట్టు.

కనుక బాక్టీరియా తెగులు కనిపించినప్పుడు "ఏ మందు కొట్టాలి?" అన్న ప్రశ్న కంటే "ఈ మొక్కకు రాకముందు ఆ బాక్టీరియా ఎక్కడ ఉంది?" అన్న ప్రశ్న ఎక్కువ ప్రయోజనకరం. నేలలో ఉన్నదానికి ఒక పద్ధతి, విత్తనంలో ఉన్నదానికి వేరొక పద్ధతి, గాయం కోసం పరిసరాలలో పొంచి ఉన్నదానికి మరొక పద్ధతి అవసరం. మన రాష్ట్రాలలో సాగయ్యే ప్రధాన కూరగాయ పంటల బాక్టీరియా తెగుళ్ళను ఈ దృష్టితో విభజించి, వాటి గుర్తింపును, నివారణను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బాక్టీరియా స్వభావం, ప్రవేశించే మార్గాలు

బాక్టీరియా మొక్కలకు రోగం కలిగించగలదన్న విషయాన్ని శాస్త్రలోకం సులువుగా అంగీకరించలేదు. అమెరికాలోని ఇల్లినాయ్‌కి చెందిన థామస్ బర్రిల్ 1880 ప్రాంతంలో పియర్, ఆపిల్ చెట్ల మాడు తెగులుకు బాక్టీరియా కారణమని చూపించాడు. అయినప్పటికీ జర్మనీ వృక్షశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ ఫిషర్, అమెరికా శాస్త్రవేత్త ఎర్విన్ స్మిత్‌ల మధ్య ఈ విషయంపై శతాబ్దం చివరి వరకు వాదోపవాదాలు జరిగాయి. టమాట, వంగ, బంగాళాదుంపలలో ఎండు తెగులు కలిగించే బాక్టీరియాను 1896లో వర్ణించినది ఈ స్మితే.

శిలీంద్ర బీజానికి మొలకెత్తి ఆకు పైపొరను చీల్చుకుని లోపలికి పోయే శక్తి ఉంటుంది. బాక్టీరియాకు ఆ శక్తి లేదు. తెరిచి ఉన్న ద్వారం దానికి కావాలి. ఆకులపై ఉండే పత్రరంధ్రాలు, ఆకు అంచులలోని జలరంధ్రాలు, కొత్త వేర్లు చీల్చుకుని వచ్చే చోటు ఏర్పడే పగుళ్ళు, నారు పీకినప్పుడు తెగిన వేర్లు, కలుపు తీసేటప్పుడు కొడవలి తగిలిన కాండం, పురుగు కొరికిన కాయ, నులిపురుగు తొలిచిన వేరు ఇవే దాని ద్వారాలు. ద్వారం దొరికిన తరువాత కావలసినది నీరు. వాన చినుకు, మంచు తడి, సాళ్ళలో పారే నీరు లేకుండా బాక్టీరియా ఒక మొక్క నుండి మరొక మొక్కకు చేరడం కష్టం.

లోపలికి చేరిన తరువాత దాని వృద్ధి వేగం అసాధారణంగా ఉంటుంది. ఒక కణం రెండు గంటలకొకసారి రెండుగా చీలుతుందని అనుకుంటే మొదటి రోజు ముగిసేసరికి 4,096 కణాలు, రెండవ రోజు ముగిసేసరికి 1 కోటి 67 లక్షలకు పైగా కణాలు తయారవుతాయి. మొక్క లోపల ఈ వేగం ఎల్లవేళలా నిలవదు. అయినా నిన్న పచ్చగా నిలబడిన మొక్క నేడు తల వాల్చడానికి కారణం ఈ లెక్కలో కనిపిస్తుంది. రైతు కంటికి మొదటి లక్షణం కనబడే సరికి బాక్టీరియా తన పనిని చాలా వరకు పూర్తి చేసి ఉంటుంది.

నేలలో దాగి ఉండేది: బాక్టీరియా ఎండు తెగులు

టమాట, వంగ, మిరప, బంగాళాదుంప పంటలకు అత్యంత ప్రమాదకరమైన బాక్టీరియా తెగులు ఇది. దీనికి కారణమైన రాల్‌స్టోనియా సొలనేసియారమ్ 50కి పైగా కుటుంబాలకు చెందిన 200కు మించిన మొక్కజాతులను ఆశిస్తుంది. అరటి, అల్లం, వేరుశనగ కూడా ఈ జాబితాలో ఉన్నాయి. నేల ఉష్ణోగ్రత 30 నుండి 35 డిగ్రీల సెల్సియస్ ఉండి, తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఇది ఉధృతమవుతుంది. నీరు నిలిచే పల్లపు భూములు, ఆమ్ల నేలలు దీనికి అనుకూలం.

నేలలోని బాక్టీరియా వేరు గాయాల ద్వారా ప్రవేశించి, నీటిని పైకి చేరవేసే దారు నాళాలలో స్థిరపడుతుంది. అక్కడ వృద్ధి చెందుతూ జిగురు వంటి చక్కెర పదార్థాన్ని విడుదల చేస్తుంది. ఈ జిగురు, లెక్కకు మించిన కణాలు కలిసి నాళాలను మూసివేస్తాయి. నేలలో తేమ పుష్కలంగా ఉన్నా పైన ఉన్న ఆకులకు నీరు అందదు. మొదట లేత ఆకులు మధ్యాహ్న సమయంలో వాలి సాయంత్రానికి తేరుకుంటాయి. రెండు మూడు రోజులలో మొక్క మొత్తం పచ్చగా ఉండగానే వడలిపోతుంది. ఆకులు పసుపు రంగుకు మారే వ్యవధి కూడా చాలాసార్లు ఉండదు. మొక్క వాడిందని రైతు మరొక తడి ఇస్తే నష్టం పెరుగుతుంది. ఆ నీరే బాక్టీరియాను సాలు వెంట తరువాతి మొక్కలకు మోసుకుపోతుంది.

గాజు గ్లాసు పరీక్ష

టమాట మొక్క వడలడానికి కనీసం మూడు భిన్నమైన తెగుళ్ళు కారణం కావచ్చు. మూడింటికీ చేయవలసిన పనులు వేరు కనుక వీటిని పొలంలోనే వేరు చేసి గుర్తించడం అవసరం.

ఫ్యుజేరియం ఎండు తెగులులో అడుగు ఆకులు ముందుగా పసుపు రంగుకు మారతాయి. ఒక్కొక్కసారి మొక్కకు ఒకవైపు మాత్రమే పసుపు కనబడుతుంది. మొక్క నెమ్మదిగా, వారాల తరబడి క్షీణిస్తుంది. స్క్లెరోషియం వలన వచ్చే మొదలు కుళ్ళులో నేలను తాకే కాండం చుట్టూ తెల్లని బూజు, దానిపై ఆవగింజల వంటి గోధుమ రంగు గుండ్రని ఉండలు కనిపిస్తాయి. బాక్టీరియా ఎండు తెగులులో ఈ రెండూ ఉండవు. పచ్చగా ఉన్న మొక్క అకస్మాత్తుగా వాలుతుంది. కాండం అడ్డంగా కోస్తే లోపలి వలయం గోధుమ రంగులో ఉంటుంది. ఫ్యుజేరియంలో కూడా ఈ రంగు కనబడుతుంది కనుక దీనిపై మాత్రమే ఆధారపడరాదు.

సందేహ నివృత్తికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. అప్పుడే వడలుతున్న మొక్కను ఎంచుకుని, నేలకు దగ్గరగా ఉన్న కాండం నుండి నాలుగైదు అంగుళాల ముక్కను పదునైన కత్తితో కోయాలి. తేట నీరు నింపిన గాజు గ్లాసులో ఆ ముక్క కింది చివర మాత్రమే మునిగేలా పట్టుకుని కదపకుండా ఉంచాలి. బాక్టీరియా ఎండు తెగులు అయితే కొద్ది నిమిషాలలోనే కోసిన చివర నుండి పాలపొగ వంటి తెల్లని ధారలు నీటిలోకి దిగుతాయి. శిలీంద్రం వలన వడలిన మొక్కలో ఈ ధార కనిపించదు. పూర్తిగా ఎండిపోయిన మొక్కతో ఈ పరీక్ష చేస్తే ఫలితం సరిగా రాదు. పరీక్షించిన కాండాన్ని, గ్లాసులోని నీటిని పొలంలో పారవేయరాదు. కత్తిని కూడా శుభ్రపరచాలి.

క్షేత్ర పర్యటనకు వెళ్ళే విద్యార్థులు, విస్తరణ సిబ్బంది ఈ పరీక్షను రైతు ముందే చేసి చూపించడం మంచిది. నీటిలోకి దిగుతున్న తెల్లని ధారను కళ్ళారా చూసిన రైతుకు శిలీంద్రనాశని ఎందుకు పనిచేయదో విడిగా చెప్పవలసిన అవసరం ఉండదు.

విత్తనంతో వచ్చేవి: ఆకుమచ్చ, నల్లకుళ్ళు

టమాట, మిరపలలో ఆకుమచ్చ తెగులును జాంథోమోనాస్ ప్రజాతికి చెందిన పలు జాతులు కలిగిస్తాయి. ఆకులపై మొదట నీటితో తడిసినట్లున్న చిన్న మచ్చలు ఏర్పడి, క్రమంగా గోధుమ, నలుపు రంగులకు మారతాయి. కొన్ని మచ్చల చుట్టూ పసుపు వలయం ఉంటుంది. మిరపలో తెగులు సోకిన ఆకులు రాలిపోతాయి. ఆకుల నీడ కోల్పోయిన కాయలు ఎండదెబ్బకు గురవుతాయి. టమాట కాయలపై గరుకుగా ఉబ్బిన గజ్జి వంటి మచ్చలు ఏర్పడి మార్కెట్టు ధర పడిపోతుంది. వెచ్చని వాతావరణంలో గాలితో కూడిన వానలు పడితే తెగులు వేగంగా వ్యాపిస్తుంది.

క్యాబేజి, కాలీఫ్లవర్ పంటలలో నల్లకుళ్ళును కలిగించేది కూడా జాంథోమోనాసే, అయితే జాతి వేరు. రాత్రివేళ ఆకు అంచుల నుండి ఊరే నీటి బిందువులలో బాక్టీరియా చేరి, ఉదయం ఆ నీరు వెనక్కి పీల్చుకోబడినప్పుడు జలరంధ్రాల గుండా లోపలికి పోతుంది. అందుకే ఈ తెగులు మచ్చ ఆకు అంచున మొదలై, మొన మధ్య ఈనె వైపు ఉండే పసుపు త్రికోణంగా విస్తరిస్తుంది. ఆ భాగంలోని ఈనెలు నల్లబడతాయి. తెగులు ముదిరితే గడ్డ లోపల కూడా నల్లని వలయాలు కనిపిస్తాయి.

ఈ రెండు తెగుళ్ళకు విత్తనమే ప్రధాన వాహకం. పంట అవశేషాలు రెండవ ఆశ్రయం. నల్లకుళ్ళు విషయంలో 10,000 విత్తనాలలో కేవలం 3 విత్తనాలకు బాక్టీరియా ఉన్నా అనుకూల పరిస్థితులలో తెగులు ఉధృతంగా చెలరేగగలదని పరిశోధనలు తెలిపాయి. పది గ్రాముల క్యాబేజి విత్తన పొట్లంలో సుమారు 3,000 విత్తనాలు ఉంటాయి. అంటే పొట్లానికి ఒక్క విత్తనం చాలు. మొలిచిన ఆ ఒక్క మొక్క చుట్టూ ఒత్తుగా ఉన్న నారుపై రోజుకు రెండుసార్లు రోజ్‌క్యాన్‌తో నీరు చల్లుతుంటే ఆ తుంపరలే బాక్టీరియాను నారుమడి అంతటా పంచుతాయి. బయటికి ఆరోగ్యంగా కనబడే నారు పొలానికి చేరి, వాన పడగానే అన్ని మూలలా ఒకేసారి తెగులు చూపిస్తుంది. గాలి మోసుకువచ్చిందని రైతు భావిస్తాడు. చాలా సందర్భాలలో అది నారుతోనే వచ్చి ఉంటుంది.

ఎండు తెగులుతో పోల్చినప్పుడు ఈ తెగుళ్ళలో ఒక సౌలభ్యం ఉంది. ఈ జాంథోమోనాస్ బాక్టీరియాలు నేలలో స్వతంత్రంగా ఎక్కువ కాలం బ్రతకవు. ఆశ్రయమిచ్చిన ఆకు, కాండం కుళ్ళి మట్టిలో కలిసిపోతే అవి కూడా నశిస్తాయి. అందువలన పంట అవశేషాలను లోతుగా దున్ని, రెండేళ్ళపాటు అదే కుటుంబపు పంట వేయకుండా ఉంటే నేల శుభ్రపడుతుంది. రాల్‌స్టోనియా ఏళ్ళ తరబడి నేలలో నిలవగలదు గనుక దానికి ఈ వ్యవధి చాలదు.

వేడినీటి విత్తనశుద్ధి

విత్తనం లోపల దాగిన బాక్టీరియాను చంపడానికి పైపూత మందుల కంటే వేడినీటి పద్ధతి ఎక్కువ నమ్మదగినది. విత్తనాన్ని పలుచని గుడ్డ సంచిలో వదులుగా కట్టి, ముందుగా గోరువెచ్చని నీటిలో 10 నిమిషాలు ఉంచాలి. తరువాత టమాట, వంగ, క్యాబేజి విత్తనాలను 50 డిగ్రీల సెల్సియస్ నీటిలో 25 నిమిషాలు, కాలీఫ్లవర్ విత్తనాన్ని అదే వేడిలో 20 నిమిషాలు ఉంచాలి. మిరపకు 51 నుండి 52 డిగ్రీల వేడి, 30 నిమిషాల సమయం అవసరం. వెంటనే చల్లని నీటిలో ముంచి తీసి, నీడలో పలుచగా ఆరబెట్టాలి.

ఇక్కడ ఉజ్జాయింపు పనికిరాదు. వేడి తగ్గితే బాక్టీరియా చావదు, పెరిగితే మొలక శక్తి పోతుంది. నమ్మకమైన థర్మామీటరు లేకుండా ఈ పని చేపట్టరాదు. ముందుగా కొద్ది విత్తనంతో మొలక పరీక్ష చేసుకోవాలి. పాత విత్తనం, కంపెనీ ఇప్పటికే మందు పట్టించిన లేదా పూత పూసిన విత్తనం ఈ పద్ధతికి పనికిరావు. చిక్కుడు, దోస, సొర వంటి పెద్ద విత్తనాలు ఈ వేడికి దెబ్బతింటాయి. ప్రతి రైతు ఇంటి వద్ద చేసుకోగల పని కాదు కనుక విత్తనం తయారు చేసేవారు, నారు పెంచి అమ్మే నర్సరీల వారు దీనిని తమ బాధ్యతగా స్వీకరించడం సమంజసం. ఎండు తెగులు ప్రధానంగా నేల, నీరు, నారు ద్వారా వచ్చేది గనుక టమాట విత్తనానికి చేసిన వేడినీటి శుద్ధి దానిని ఆపదని కూడా గుర్తుంచుకోవాలి.

గాయం కోసం పొంచి ఉండేది: మెత్తకుళ్ళు

క్యాబేజి, కాలీఫ్లవర్, క్యారెట్, బంగాళాదుంప, ఉల్లి పంటలలో పెక్టోబాక్టీరియం, దాని సన్నిహిత జాతులు మెత్తకుళ్ళును కలిగిస్తాయి. మొక్క కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచే పెక్టిన్‌ను కరిగించే ఎంజైములను ఇవి విడుదల చేస్తాయి. ఫలితంగా గట్టి కణజాలం జావగా మారి దుర్వాసన వెలువడుతుంది. ఈ బాక్టీరియా నేలలో, నీటిలో, కుళ్ళిన ఆకులలో సహజంగానే ఉంటుంది. పొలం నుండి దానిని పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు. మన చేతిలో ఉన్నది గాయాన్ని, తడిని నివారించడమే.

కోత సమయంలో వాన కురిసినా, మంచు తడి ఆరకముందే గడ్డలు కోసినా, బస్తాలలో కుక్కి ఎత్తి పడవేసినా నష్టం రవాణాలో బయటపడుతుంది. కోతను తడి ఆరిన తరువాత పదునైన కత్తితో చేయాలి. గాయపడిన, పురుగు కొట్టిన కాయలను, గడ్డలను వేరు చేయాలి. కడగడం తప్పనిసరి అయితే శుభ్రమైన నీరు వాడి, పూర్తిగా ఆరిన తరువాతే నింపాలి. గాలి ఆడే క్రేట్లు బస్తాల కంటే మేలు. పొలంలో పురుగుల నివారణ కూడా మెత్తకుళ్ళు నివారణలో భాగమే, ఎందుకంటే పురుగు చేసిన రంధ్రమే బాక్టీరియాకు దారి.

యాంటీబయాటిక్‌ల వాడకంపై పునరాలోచన

బాక్టీరియా తెగులు అనగానే స్ట్రెప్టోసైక్లిన్ అన్న మాట మన గ్రామాలలో వినిపిస్తుంది. ఇది 90 పాళ్ళ స్ట్రెప్టోమైసిన్, 10 పాళ్ళ టెట్రాసైక్లిన్ కలిసిన మిశ్రమం. రెండూ మనుషుల ప్రాణాలు కాపాడిన మందులు. స్ట్రెప్టోమైసిన్ క్షయవ్యాధికి దొరికిన మొదటి సమర్థమైన ఔషధం. టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ ప్రయోగశాలల నుండి వెలువడింది. అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించినవారు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు కాగా, దానిని కనుగొన్న బెంజమిన్ డగ్గర్ మొక్కల తెగుళ్ళపై పాఠ్యగ్రంథం వ్రాసిన వృక్షశాస్త్రవేత్త.

ఇటువంటి మందులను పొలంలో చల్లడం వలన ఒనగూరే ప్రయోజనం ఎంత? ఎండు తెగులులో బాక్టీరియా వేర్లలో, కాండపు నాళాలలో ఉంటుంది. ఆకుపై పడిన మందు అక్కడికి తగినంత చేరదు. ఆకుమచ్చ తెగులులో తొలి దశలో కొంత ఫలితం కనిపించినా అది నిలవదు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఈ తెగులుపై స్ట్రెప్టోమైసిన్‌ను వాడిన కొన్నేళ్ళకే దానిని తట్టుకునే బాక్టీరియా వెలువడింది. 1960ల ఆరంభానికే శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని ప్రకటించారు. పొలంలోని నిరోధక బాక్టీరియా తన నిరోధక జన్యువులను ఇతర బాక్టీరియాకు అందించగలదు. అందుచేత ఈ సమస్య పంటతో ఆగిపోదు.

ఈ నేపథ్యంలో కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు వెలువరించి, 2024 నుండి వ్యవసాయంలో ఈ రెండు యాంటీబయాటిక్‌ల వాడకాన్ని నిషేధించాలని ప్రతిపాదించింది. పాత కరపత్రాలలోని సిఫారసులను యథాతథంగా అనుసరించడం ఇకపై తగదు. వీటిని పురుగుమందులతో, పోషకాలతో కలిపి ముందుజాగ్రత్త పేరుతో పదేపదే చల్లడం పూర్తిగా మానుకోవాలి.

రాగి ధాతువు మందులకు పరిమితమైన పాత్ర ఉంది. ఆకుమచ్చ తెగులు తొలి మచ్చలు కనిపించినప్పుడు, వాన సూచన ఉన్నప్పుడు కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున పిచికారి చేస్తే కొత్త ఆకులకు రక్షణ లభిస్తుంది. ఇది ఆకు ఉపరితలంపై ఉన్న బాక్టీరియాను మాత్రమే అదుపు చేస్తుంది, లోపలికి పోయినదానిని చంపదు. రాగిని తట్టుకునే బాక్టీరియా కూడా అనేక దేశాలలో కనిపించింది కనుక అవసరం మేరకే వాడాలి. ఎండు తెగులుకు ఆకులపై రాగి మందు చల్లడం వృథా.

పంట కాలక్రమంలో చేపట్టవలసిన చర్యలు

నివారణ చర్యలలో అధిక భాగం నాట్లకు ముందే పూర్తి కావాలి. వాటిని కాలక్రమంలో ఇలా అమర్చుకోవచ్చు.

పొలం ఎంపిక: గతంలో ఎండు తెగులు కనిపించిన భాగాన్ని గుర్తుపెట్టుకోవాలి. పొలం పటం గీసి, తెగులు మొదలైన చోటును తేదీతో సహా వ్రాసుకుంటే మరుసటి సంవత్సరాల నిర్ణయాలకు అది ఆధారమవుతుంది. అటువంటి పొలంలో టమాట తరువాత వంగ, వంగ తరువాత మిరప వేయడం పంట మార్పిడి అనిపించుకోదు. మూడూ ఒకే కుటుంబానికి చెందినవి. మొక్కజొన్న, జొన్న, రాగి వంటి పంటలు వేయాలి. నీటి వసతి ఉన్న చోట వరి వేసి పొలాన్ని కొన్ని నెలలు నీటిలో ఉంచితే ఎండు తెగులు బాక్టీరియా బాగా తగ్గుతుంది. కామంచి వంటి వంగ కుటుంబపు కలుపు మొక్కలు గట్లపై ఉన్నా బాక్టీరియాకు ఆశ్రయమిస్తాయి కనుక వాటిని తొలగించాలి.

వేసవి: లోతు దుక్కి చేసి నేలను ఎండబెట్టాలి. నారుమడి స్థలాన్ని తడిపి, పలుచని పారదర్శక పాలిథీన్ షీటును అంచులు మూసి 4 నుండి 6 వారాలు కప్పి ఉంచితే సూర్యరశ్మి వేడికి పై పొరలోని రోగకారకాలు తగ్గుతాయి. ఆమ్ల నేలలలో భూసార పరీక్ష ఆధారంగా సున్నం వేయాలి.

రకం ఎంపిక: బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన టమాట రకాలు అర్క ఆభ, అర్క అలోక్, సంకరాలు అర్క రక్షక్, అర్క సామ్రాట్ ఎండు తెగులును తట్టుకుంటాయి. వంగలో అర్క నిధి, అర్క కేశవ్, అర్క నీలకంఠ్, అర్క ఆనంద్ ఇదే కోవకు చెందుతాయి. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుండి టమాటలో శక్తి, ముక్తి, అనఘ, వంగలో సూర్య, శ్వేత, హరిత, మిరపలో ఉజ్వల వెలువడ్డాయి. ఈ నిరోధక శక్తి అన్ని చోట్లా ఒకేలా ఉండదు. అధిక వేడి, వేరుబుడిపె నులిపురుగులు, బాక్టీరియా తెగలోని భేదం దానిని బలహీనపరచగలవు. కనుక ముందుగా చిన్న విస్తీర్ణంలో పరీక్షించుకోవాలి.

అంటు నారు: మార్కెట్టు కోరే టమాట రకానికి నిరోధక శక్తి లేనప్పుడు, తెగులును తట్టుకునే వంగ మొక్కను వేరుమూలంగా తీసుకుని దానిపై టమాటను అంటుకట్టడం మేలైన ఉపాయం. ప్రపంచ కూరగాయల కేంద్రం ఈజీ 203 అనే వంగ రకాన్ని ఇందుకు సిఫారసు చేసింది. ఛత్తీస్‌గఢ్ రైతులు ఈ పద్ధతిని విస్తృతంగా చేపట్టారు. ఇటువంటి మొక్క కొద్దిపాటి నీటి ముంపును కూడా తట్టుకుంటుంది. నాటేటప్పుడు అతుకు నేలకు పైనే ఉండాలి. అతుకు మట్టిలో కలిస్తే టమాట కాండం నుండి కొత్త వేర్లు నేలలోకి దిగి బాక్టీరియాకు దారి ఇస్తాయి, అంటుకు పెట్టిన ఖర్చు నిష్ఫలమవుతుంది.

నారు: మట్టి నారుమడికి బదులు ప్రోట్రేలలో శుద్ధి చేసిన కొబ్బరి పొట్టుతో పెంచిన నారులో వేర్లు తెగవు, నేల తెగుళ్ళు అంటవు. నారు కొనే ముందు ఆకులను వెలుతురుకు ఎదురుగా పట్టి నీటి మచ్చలు ఉన్నవేమో పరిశీలించాలి. మచ్చలున్న ట్రేను మాత్రమే కాక దాని పక్కనున్న ట్రేలను కూడా తిరస్కరించాలి.

నాట్లు, సాగు: నీరు నిలవని ఎత్తైన బెడ్లపై నాటాలి. బిందు సేద్యం, మల్చింగ్ షీటు కలిసి ఉంటే సాలు వెంట నీరు పారడం, మట్టి చింది ఆకులపై పడడం రెండూ తగ్గుతాయి. టమాటకు కర్రలతో ఊతమివ్వాలి. నత్రజనిని మోతాదుకు మించి వేయరాదు. తడి ఆకుల మధ్య కలుపు తీయడం, కాయ కోయడం మానాలి. తెగులు ఉన్న మడిలో పనిని రోజు చివరికి ఉంచుకుని, పనిముట్లను, పాదరక్షలను కడిగిన తరువాతే వేరే మడిలో అడుగు పెట్టాలి.

తెగులు కనిపించినప్పుడు: వడలిన మొక్కను వేళ్ళతో, చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి సంచిలో వేసి బయటికి తరలించి కాల్చివేయాలి. పొలంలో ఈడ్చుకుపోరాదు, కాలువలో పడవేయరాదు. ఆ సాలుకు నీరు వెంటనే ఆపాలి. తెగులు ఉన్న మడి నుండి వెలువడే నీరు కింది పొలంలోకి పారకుండా గట్టు వేయాలి. ఒకే కాలువ కింద సాగుచేసే రైతులలో ఒకరి నిర్లక్ష్యం అందరి పంటకూ చేటు తెస్తుంది. కనుక ఈ విషయంలో గ్రామస్థాయిలో ఉమ్మడి అవగాహన అవసరం.

ముగింపు

బాక్టీరియా తెగుళ్ళ యాజమాన్యంలో విజయం పిచికారి సంఖ్యపై ఆధారపడదు. నేలలో దాగినదానికి పంట మార్పిడి, నిరోధక రకం, అంటు నారు, నీటి అదుపు సమాధానాలు. విత్తనంలో వచ్చేదానికి శుద్ధి చేసిన విత్తనం, పరిశుభ్రమైన నారు సమాధానాలు. గాయం కోసం పొంచి ఉన్నదానికి జాగ్రత్తగా చేసిన కోత, ఆరిన సరుకు సమాధానాలు. పైరు పొలంలో ఉండగా మనం చేయగలిగేది వ్యాప్తిని నెమ్మదింపజేయడం మాత్రమే. పైరు పోయిన తరువాత, తదుపరి పంటకు విత్తనం కొనే ముందు గడిచే రెండు మూడు నెలలలోనే ఈ తెగుళ్ళపై అసలైన నిర్ణయాలు జరుగుతాయి. విస్తరణ సిబ్బంది రైతులను కలుసుకోవలసిన సమయం కూడా అదే.